మూడో కవరు

మేష్ట్రు పోయిన సంగతి నాకు ఎస్సెమ్మెస్సుగా వచ్చింది. "మేష్ట్రు పోయినారు. దినాలు బుధవారం." అంతే. పంపినవాడి పేరు లేదు, ఆ నంబరు నాకు తెలిసింది కాదు, తిరిగి ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆహా, పోయాక కూడా ఈ మనిషి తన పద్ధతి మార్చుకోలేదే అనుకున్నాను. బతికున్నప్పుడు ఆయన ఫోన్ చేసినా ఇంతే. హలో లేదు, మాట్లాడేది ఎవరని అడగడం లేదు, చెప్పాల్సింది చెప్పి ఠకీమని పెట్టేసేవాడు.

ఒకసారి ఆయన ఫోన్ చేస్తే బాగేపల్లిలో మా ఇంట్లో అవ్వ ఎత్తింది. "రేపు పోర్టు నంబరు నాలుగువేల నాలుగువందల నలభై నాలుగు పెట్టు, వేరేది పెట్టొద్దు" అని చెప్పి ఆయన పెట్టేశాడు. మా అవ్వ బొగ్గుముక్క తీసుకుని ఆ నంబరును గోడ మీద పెద్దగా రాసింది. ఎవరో పాపం ఆపదలో ఉండి చేశారని ఆమె నమ్మకం. మా నాయన ఆ నంబరుకు రెండుసార్లు ఫోన్ కూడా చేశాడు. అది నేను ప్రోగ్రాములో రాయాల్సిన నంబరు. మర్నాడు క్లాసులో నేను మొత్తుకున్నాను.

"సార్, ఫోన్ ఎత్తింది మా అవ్వ సార్."

"ఎవురెత్తితే నాకేమప్పా? మీ ఇంటికి పంపినా, మీ ఇంటికి చేరింది. ఇంట్లో ఎవురికి ఇయ్యల్లో మీరు చూసుకోండి."

ఈ మహానుభావుడు మాకు జావా చెప్పేవాడు. బాగేపల్లి బస్టాండుకు ఎదురుగా, చెప్పుల అంగడి పైన ఒక గది. బోర్డు మీద పేరుకు ముందు 'అంతర్జాతీయ' అనే మాట ఉండేది. ఆ అంతర్జాతీయంలో మొత్తం నాలుగు కంప్యూటర్లు. రెండు పనిచేసేవి, మూడోదాన్ని విప్పి ఆ రెండింటికీ సామాన్లు తీసేవారు, నాలుగోది ఆయుధపూజకు పనికొచ్చేది. దాని మీద పోయినేడాది కుంకుమ, అంతకు ముందేడాది కుంకుమ పొరలు పొరలుగా ఉండేవి. పనిచేసే రెండింటి మధ్యా ఒక నీలం తీగ. ప్రపంచాన్ని కలిపే నెట్‌వర్కింగు అంతా ఆ ఆరడుగుల తీగలోనే నేర్చుకున్నాం.

మనిషి సన్నగా ఉండేవాడు. పొట్టిచేతుల తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. రెండూ రాయవు. పాఠం చెప్పేటప్పుడు మా వైపు తిరిగేవాడు కాదు, బోర్డుకే చెప్పేవాడు. ఆయన ముఖం కంటే వీపే మాకు బాగా గుర్తు. ప్రోగ్రాం సరిగ్గా నడిస్తే ఏమీ అనకుండా పక్క కంప్యూటరుకు పోయేవాడు. నడవకపోతే మాత్రం దయగా దగ్గరికి వచ్చి, "ఇంగో రెండుసార్లు నొక్కప్పా, దానికే జాలి పుడ్తాది" అనేవాడు. రెండేళ్ళలో ఆయన నోటి నుంచి 'బాగుంది' అనే మాట నేను విన్నది ఒక్కసారే, అది కూడా పక్క హోటలు నుంచి తెప్పించిన మిరపకాయ బజ్జీ గురించి.

ఆయనకు ఇష్టమైన పాఠం ఒకటుంది. ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు కబురు పంపడానికి రెండు దారులున్నాయి. మొదటిది పెళ్ళి పిలుపు లాంటిదని చెప్పేవాడు. పోయి బొట్టు పెట్టి పిలవాలి, వస్తామని వాళ్ళు అనాలి, అన్నారు కదా అని మళ్ళీ మనం అనాలి. ఇందులో ఒక్క మాట తప్పినా అలక. రెండోది డేటాగ్రాము. మా వైపు బస్సులో చీటీ పంపినట్టు.

ఈ బస్సు సంగతి బయటివాళ్ళకు కొంచెం చెప్పాలి. బాగేపల్లి నుంచి చింతామణికి ప్రైవేటు బస్సులు తిరిగేవి. ఏ కబురైనా, ఏ సామానైనా డ్రైవరు చేతికి ఇచ్చి, "చింతామణి స్టాండులో మా వాడుంటాడు, ఇచ్చెయ్యప్పా" అంటే చాలు. రసీదు లేదు, సంతకం లేదు. చేరిందో లేదో తెలియాలంటే ఆ 'మా వాడు' ఎప్పుడో ఎదురుపడి చెప్పాలి. మందులు, పెండ్లికొడుకు కొలతల చొక్కా, కోడిపిల్లలు, ఒకసారి ఒకరి కట్టుడుపళ్ళు, అన్నీ ఇలాగే పోయేవి.

"జావాలో డేటాగ్రామ్ ప్యాకెట్ ఒక ఆబ్జెక్టు, సాకెట్ ఇంకో ఆబ్జెక్టు" అని బోర్డుకు చెప్పేవాడు మేష్ట్రు. "ప్యాకెట్ అంటే కవరు. లోపల మాట, పైన ఊరు, ఇంటి నంబరు. సాకెట్ అంటే స్టాండు. పంపేది, తీసుకునేది దాని పని. కవరుకు పోయే బుద్ధి లేదు, స్టాండుకు చదివే బుద్ధి లేదు. ఒగరి పనిలో ఒగరు ఏలు పెట్టకుండా ఉండేదే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్. మీ ఇండ్లలో లేనిది అదే."

మొదటిసారి ప్రోగ్రాం రాసి పంపినప్పుడు నేను ఎగిరి గంతేశాను. "సార్, పోయింది సార్! ఎర్రర్ రాలేదు!" అని అరిచాను. ఆయన వచ్చి రెండో కంప్యూటరు చూశాడు. అది ఆన్‌లోనే లేదు.

"ఎర్రర్ రాలేదంటే చేరిందని కాదప్పా. ఆ పక్క ఎవురూ లేకపోయినా పంపినోనికి ఎర్రర్ రాదు. అదే దీని కథ. ముందు తీసుకునేటోడు నిలబడల్ల, ఆ తర్వాతే పంపేటోడు పంపల్ల."

తీసుకునే వైపు పాఠం ఇంకా ఘోరం. సర్వర్ అంటే కబురు కోసం కాచుకుని ఉండే ప్రోగ్రాం. అందులో రిసీవ్ అని రాస్తే అది అక్కడే కూర్చుండిపోతుంది. ఏదో ఒకటి వచ్చేదాకా లేవదు. "అందుకే టైమౌట్ పెట్టండి. పది సెకండ్లు చూడు, రాకపోతే లేచి నీ పని చూసుకో. టైమౌట్ లేకుండా కూచునేటోడు పిచ్చోడు" అనేవాడు. పట్టే జాగా చిన్నదైతే వచ్చిన మాటలో సగం తెగిపోతుందని కూడా చెప్పాడు. ఒకరోజు ఒకడు "సగమే అర్థమైంది సార్" అన్నందుకు, "గిన్నె చిన్నది తెచ్చుకోని సాంబారు పోసినోన్ని తిడ్తే ఎట్లప్పా?" అని ఊరుకున్నాడు.

మేము నవ్వుకున్నా, ఆయన చుట్టూ తిరగడానికి నాకు గట్టి కారణం ఒకటుండేది. బెంగళూరులో ఒక కంపెనీలో ఆయన పాత శిష్యుడు ఒకాయన పెద్ద పనిలో ఉండేవాడు. మేష్ట్రు సంతకం పెట్టిన కాగితం తీసుకుపోతే ఇంటర్వ్యూకు కూర్చోబెట్టేవాడు. డిగ్రీ ఈడ్చుకుంటూ పాసైన నాలాంటివాడికి ఉన్న వాకిలి అదొక్కటే. అది మూసుకుంటే మా నాయన శనక్కాయల మండీలో గోతాలు కుట్టడమే. సంతకం అడిగితే ఆయన కాగితం వైపు కూడా చూడలేదు.

"డేటాగ్రాము నీకు తెలుసా?"

"తెలుసు సార్."

"తెలీదు. ఆదివారం పది బస్సుల్లో పది కవర్లు పంపుతా. చింతామణి స్టాండులో నిలబడి తీసుకో. ఏది ఎన్ని గంటలకు వచ్చిందో, లోపల ఏముందో నోట్సులో రాసుకోని రా. నిలబడమన్న చోట నిలబడలేనోడు సర్వర్ ఏం రాస్తాడు? వానికి నా సంతకం లేదు."

ముందురోజే చింతామణి పోయి మా చిన్నమ్మ ఇంట్లో పడుకుని, పొద్దున్నే స్టాండులో ఒక స్తంభం పక్కన నిలబడ్డాను. చేతిలో నోట్సు, పెన్ను. వచ్చేపోయేవాళ్ళు నన్ను చెకింగ్ ఇన్‌స్పెక్టరనుకున్నారు, ఇద్దరు కండక్టర్లు టీ తాగమని బతిమాలారు. తాగలేదు. అంత నిజాయితీపరుణ్ణి నేను, ఎనిమిదిన్నర దాకా.

మొదటి కవరు వచ్చింది. చింపితే చీటీ మీద, "వచ్చినావా? నిలబడు." రెండోది వచ్చింది. "ఇంగా నిలబడే ఉండావా?" నాకు ఒళ్ళు మండింది. దీని కోసమా ఆదివారం పూట నన్ను ఇంత దూరం తోలింది? స్టాండుకు ఎదురుగా హోటల్లో టీవీ మోగుతోంది. ఆ రోజు మ్యాచ్. మూడో బస్సుకు ఇంకా టైముంది. ఒక్క టీ, ఒక్క ఓవరు అనుకుని పోయాను. మ్యాచ్ చూసేవాడి ఒక్క ఓవరు ఎంతసేపో మీకు తెలుసు. తిరిగొచ్చేసరికి మూడో బస్సు వచ్చింది, పోయింది. దాని డ్రైవరు వెంకటరవణప్ప అని, ఆ దారిలో అందరికంటే పాతవాడు. కవరు ఎవరికైనా ఇచ్చిపోయాడేమోనని స్టాండంతా అడిగాను. లేదు.

అంతలో నాలుగో బస్సు వచ్చింది. కవరు చింపాను.

"టీ బాగుండెనా?"

వెనక్కి తిరిగి చూశాను, స్తంభం వెనక చూశాను, ఆకాశం వైపు కూడా చూశాను. యాభై చిల్లర కిలోమీటర్ల అవతల కూర్చున్న మనిషికి నా టీ సంగతి ఎలా తెలిసింది? ఇక ఆ తర్వాత ఎండ మాడ్చేస్తున్నా స్తంభాన్ని వదల్లేదు. ఐదు వచ్చింది. ఆరు తీసుకొచ్చే బస్సు చేలూరు దగ్గర పంచరై, ఏడు ముందొచ్చింది. ఏడులో "ఆరు వచ్చిందా?" అని ఉంది. ఎనిమిదో కవరు వెనక ఎవరో ప్యాసింజరు, కాగితం దొరక్క కాబోలు, "రాజన్నా, మోటరు కాలిపాయ, వైండింగు వాన్ని పంపు" అని రాసి పెట్టాడు. పదోది "ఇంటికి రా" అంది. వచ్చాను.

మర్నాడు పొద్దున నోట్సు ఆయన ముందు పెట్టాను. మూడు అనే అంకె ఎదురుగా 'రాలేదు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. ఆయన ఎనిమిదో కవరు చూసి, నాకు తెలిసి మొదటిసారి, గట్టిగా నవ్వాడు. ఆ వైండింగు వాణ్ణి పంపారో లేదో కనుక్కోమన్నాడు. తర్వాత వేలు మూడు దగ్గర ఆగింది.

"మూడోది?"

"రాలేదు సార్."

"రాలేదా?"

"రాలేదు సార్. మీరు చెప్పినట్టే సార్, డేటాగ్రాముల్లో అట్లా పోతాయి కదా."

నా నోటి దూల చూడండి, ఆయన పాఠం ఆయనకే అప్పజెప్పాను.

"నాలుగోది చదివినావా?"

"చదివినా సార్."

ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. పెన్ను కోసమనుకున్నాను. చెయ్యి కాసేపు అక్కడే ఉంచుకుని నా ముఖంలోకి చూశాడు. బోర్డు వైపు తప్ప చూడని మనిషి అలా చూసేసరికి నేనే తల వంచేసుకున్నాను.

"ఇంగేమన్నా ఉండాదా చెప్పేది?"

"ఏమీ లేదు సార్."

నా పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టాడు. మెట్లు ఎలా దిగానో తెలియదు. గెలిచాననే అనుకున్నాను.

కాగితం పనిచేసింది. బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. సర్వర్లు రాశాను, అవి నిలబడమన్న చోట నిలబడ్డాయి కూడా. ఇక్కడ బాగేపల్లిలోనేమో నేను పాఠ్యాంశం అయ్యాను. కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా మేష్ట్రు నా నోట్సు చూపించేవాడట. "పది పంపినా. తొమ్మిది చేరినాయి. మూడోది చేరలే. ఎందుకు చేరలేదో పంపినోనికి ఎట్ల తెలుస్తాది? తీసుకునేటోన్ని అడగల్ల." పిల్లలు దాన్ని పరీక్షల్లో కూడా రాసేవారట. నా అబద్ధం చదివి ఎంతమంది పాసయ్యారో.

పండక్కో పబ్బానికో ఊరికి వచ్చినప్పుడు ఆయన ఇంటికి పోయేవాణ్ణి. వసారాలో చెక్క కుర్చీలో కూర్చుని ఉండేవాడు. ఉద్యోగం ఎలా ఉంది, ఊళ్ళో ఎలా ఉంది, పెళ్ళెప్పుడు, ఇవేవీ అడిగే మనిషి కాదు. తను చెప్పేదేదో చెప్పేవాడు, అయిపోయేది. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే మాత్రం ప్రతిసారీ ఒక ప్రశ్న వచ్చేది.

"ఇంగేమన్నా ఉండాదా?"

"ఏమీ లేదు సార్."

పెద్దవాళ్ళకు కొన్ని ఊతపదాలు ఉంటాయిలే అనుకునేవాణ్ణి. ఇక వెంకటరవణప్ప సంగతైతే చెప్పనక్కర్లేదు. ఎప్పుడు ఆయన బస్సెక్కినా అద్దంలోంచి పళ్ళికిలించి, "ఏమప్పా, మూడోది వచ్చిందా?" అని అడిగేవాడు. బస్సులో అందరూ నా వైపు తిరిగేవారు. కవరు పోగొట్టుకున్నవాడికి ఎంత ధైర్యమని నాకు మండేది. నిజం చెప్తున్నాను, అన్నేళ్ళు అదే అబద్ధం చెప్పీ చెప్పీ, కవరు పోగొట్టింది ఆయనేనని నేనూ నమ్మేశాను.

బుధవారం దినాలకు పోయాను. వసారాలో కుర్చీ గోడకు జరిపి, దాని మీద తువ్వాలు మడిచి పెట్టారు. భోజనాలు అయ్యాక అరుగు మీద కూర్చుంటే వెంకటరవణప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు. బస్సు మానేసి రెండేళ్ళయిందట. మెసేజ్ ఆయనే మనవడితో పెట్టించాడట. ఆ రోజు కూడా, అదే మాట.

"ఏమప్పా, మూడోది వచ్చిందా?"

నాకు కోపం ఆగలేదు. "నువ్వు యాడో పారేసుకోని ఇన్నేండ్లు నన్ను అడుగుతాండావే? ఈ పొద్దన్నా మానుకోకూడదా?"

ఆయన నవ్వు పోయింది.

"నేను పారేసుకుంటినా?" అన్నాడు. "స్టాండులో ఐదు నిమిషాలు బస్సు నిలిపినానప్పా నీ కోసరం. హారన్ కొట్టినా. హోటల్లో టీవీ కింద నీ వీపు కనపడ్తానే ఉండె. దిగి పిలుద్దామంటే ఎనకాల బస్సోడు అరిచె. సాయంత్రం ఈడికొచ్చి కవరు మేష్ట్రు చేతికే ఇచ్చేసినా."

సాయంత్రం అంటే ఆదివారం సాయంత్రం. ఆయన సంతకం పెట్టింది సోమవారం పొద్దున.

"జరిగింది చెప్పినా. నవ్వె. 'ఎవురికీ చెప్పొద్దు వెంకటరవణప్పా, వాడే వచ్చి చెప్తాడు' అనె. నాకేమో మనసు ఒప్పక, నీకు గుర్తు చేద్దామని కనపడినప్పుడంతా అడుగుతా వస్తి. పోయిన నెల ఆస్పత్రిలో కూడా అడిగినా, 'చెప్పినాడా మేష్ట్రూ?' అని. 'చెప్తాడు లే' అనె."

మా మాటలు లోపలికి వినిపించినట్టున్నాయి. మేష్ట్రు భార్య లేచి ఆయన జావా పుస్తకం తెచ్చింది. అట్టలు ఊడిపోయాయి, దారంతో కట్టి ఉంది. డేటాగ్రాముల పాఠం దగ్గర ఒక కవరు. పైన నా పేరు, చింతామణి బస్టాండు, మూడు అనే అంకె. అంటించిన బంక అంటించినట్టే ఉంది.

"నువ్వొచ్చి అడిగితే ఇయ్యమనె నాయనా" అంది ఆమె. "నువ్వు అడగకపోతివి. ఇంగ ఎన్నాళ్ళు పెట్టుకుంటా."

చింపాను. అదే వంకర చేతిరాత.

"ఇప్పుడు పోయి టీ తాగి రా. నాలుగో బస్సుకు ముప్పావు గంట ఉండాది. ఎదురుగా హోటల్లో మ్యాచ్ వస్తాంటాది."

నవ్వాలనుకున్నాను. ఏడుపొచ్చింది, అందరి ముందూ, చిన్నపిల్లాడిలా వచ్చింది. తప్పంటూ ఏమీ లేదు. ఇంకొక్క పావుగంట నిలబడి ఉంటే ఆయనే పొమ్మనేవాడు. 'టీకి పోయాను సార్' అని ఆ సోమవారం ఒక్క మాట అనుంటే జేబులోంచి ఈ చీటీ తీసి చూపించి, పడీ పడీ నవ్వేవాడు. ఆ మాట కోసమే ప్రతిసారీ నన్ను గుమ్మం దగ్గర ఆపి అడిగాడు. టైమౌట్ పెట్టుకోనివాడు పిచ్చోడని మాకు చెప్పిన మనిషి, నా విషయంలో ఏ టైమౌటూ పెట్టుకోకుండా ఏడేళ్ళు కూర్చున్నాడు.

వెంకటరవణప్ప నా భుజం తట్టి లోపలికి పోయాడు. వసారాలో ఎవరూ లేరు. లేచి కుర్చీ ముందుకు పోయి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"సార్, మూడో బస్సు వచ్చినప్పుడు నేను ఆడ లేను సార్. మ్యాచ్ చూస్తాంటి."

చెప్పేశాను. ఎర్రర్ ఏమీ రాలేదు.